కట్టేసి చూడమన్న పది రోజులు

అక్క రెండో ఇంజక్షన్ వేయించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళింది. ఆమె తిరిగి వచ్చేలోపు ఆమె కుక్కను నేను చంపించాను.

ఎనభైల మొదట్లో ఒక మే నెల ఉదయం. కృష్ణదేవిపేట రోడ్డులో జీడిమామిడి తోట ఉన్న పెద్దాయన ఒకాయన మా ఇంటికి జీపు తీసుకుని వచ్చాడు. తోటలో అడవిపందులు పడకుండా ఆయన దగ్గర లైసెన్సు తుపాకీ ఉండేది. నేను చేతికి తడి తువ్వాలు చుట్టుకుని, పెరట్లో జామచెట్టుకు వేసిన గొలుసు విప్పి, కుక్కను వీధిలోకి నడిపించుకొచ్చాను. దాన్ని జీపులోకి ఎలా ఎక్కించాలా అని మేమిద్దరం తటపటాయిస్తూ ఉండగా అదే ఒక్క గెంతులో ఎక్కేసింది. వెనక సీటు మీద నిటారుగా కూర్చుని, ఇంకా బయల్దేరరేమన్నట్టు ముందుకు చూసింది. బండెక్కడమంటే దానికి మొదటినుంచీ ఇష్టం.

తోట దగ్గర నేను దిగబోయాను. పెద్దాయన వద్దన్నాడు.

"నువ్వు ఇక్కడే ఉండు బావు. నువ్వొస్తే అది నీకేసే సూస్తాది. నాకు గురి కుదరదు."

గొలుసు పట్టుకుని ఆయన లోపలికి నడిచాడు. జీడిచెట్లు నేల మీదికి కమ్ముకుని ఉంటాయి కాబట్టి పదడుగులు వేసేసరికి ఇద్దరూ కనిపించకుండా పోయారు. కొంతసేపటికి ఒక్క చప్పుడు వినిపించింది. మళ్ళీ ఏమీ వినిపించలేదు.

ఆయన తుపాకీ భుజాన వేసుకుని తిరిగి వచ్చి, "అయిపోనాది. తలకే కొట్టినాను, బాద పళ్ళేదు. మా పాలేరు అక్కడే పాతీస్తాడు. నువ్వు ఇంటికెల్లి బేగి తానం సేసీ. టీచరమ్మ గారికి ఇంక బయ్యం నేదని సెప్పు" అన్నాడు.

తలకే కొట్టాడన్న మాట విని నాకు కొంచెం ఊరట కలిగింది. అందులో ఎంత నష్టం ఉందో మర్నాడు గాని తెలియలేదు.

అక్క నాకంటే పదకొండేళ్ళు పెద్దది. అమ్మ పోయేసరికి నాకు ఆరేళ్ళు. నాన్న మిషన్ కాంపౌండులో వడ్రంగి పని చేసేవాడు. ఆయన కూడా నేను హైస్కూల్లో ఉండగానే పోయాడు. అప్పటికే అక్క టీచర్ ట్రైనింగ్ పూర్తి చేసి మిషన్ బడిలో చేరింది. నన్ను చదివించింది ఆమే. నాకు జ్వరం వస్తే పక్కన కూర్చున్నది ఆమే. ఆమెకు సంబంధాలు ఒకటి రెండు వచ్చాయని చర్చి పెద్దల మాటల్లో విన్నాను. ఎందుకు ఆగిపోయాయో నేనెప్పుడూ అడగలేదు. డెబ్బైల నడుమ నేనొక దినపత్రికకు నరసీపట్నం విలేకరిగా కుదిరాను. పొద్దున్న ఊరు తిరిగి, మధ్యాహ్నానికి వార్తలు రాసి, కవరులో పెట్టి, విశాఖపట్నం వెళ్ళే బస్సు డ్రైవరు చేతికి ఇచ్చేస్తే ఆ రోజుకు నా పని అయిపోయేది. ఇంట్లో మేమిద్దరమే.

కుక్క మా ఇంటికి డెబ్బైల చివర్లో వచ్చింది. మా వెనక వీధిలో ఒక బ్యాంకు మేనేజరు కుటుంబం ఉండేది. వాళ్ళ ఇంట్లో తెల్లటి ఆడ పొమేరియన్ ఒకటి ఉండేది. అప్పట్లో బ్యాంకు మేనేజర్లు, రైల్వే వాళ్ళు, ఇంజనీర్లు బదిలీ మీద ఊళ్ళోకి వస్తే వెంట గోద్రెజ్ బీరువాతో పాటు ఇలాంటి కుక్క ఒకటి దిగేది. ఆ కుక్క ఈనిన పిల్లల్లో ఒకదాన్ని వాళ్ళు అక్కకు ఇచ్చారు. వాళ్ళ పిల్లలకు అక్క పాఠాలు చెప్పేది, ఆ అభిమానం. నెల తిరక్కుండానే ఆయనకు ఒరిస్సా బదిలీ అయింది. ఆ జాతి సంగతులు అడిగి తెలుసుకోవడానికి ఊళ్ళో మాకు తెలిసినవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదు.

చంకన పట్టేంత ఉన్నిముద్ద అది. మూతి నక్క మూతిలా కోసుగా, కళ్ళు నల్ల గింజల్లా, చెవులు చిన్నవి. తోక పెరిగే కొద్దీ వీపు మీదికి విసనకర్రలా విచ్చుకుంది. అక్క దానికి ఒక ఇంగ్లీషు పేరు పెట్టింది గాని వీధిలో ఎవరి నోటా అది తిరగలేదు. అందరికీ అది తెల్లకుక్కే.

పాలు పోసే ఆమెది బలిఘట్టం. తొలిరోజు గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఓలమ్మా, ఏటండీ టీచరమ్మ గారూ ఇది? నక్కేటి, గొర్రిపిల్లేటి?"

"కుక్కేనమ్మా."

"కుక్కయితే గుమ్మం బయట ఉండాల గదండీ. మంచమెక్కి కూకుందేటి, కొత్త పెల్లికూతురు నాగ?"

"నీకేటి ఇబ్బంది? నీ మంచం ఎక్కిందా?"

"నా మంచం ఎక్కితే మా అత్త దిగాల గదండీ. ఎక్కమనండి, నాకు సంతోసమే."

ఆ జాతిని మేము చూసి చూసి నేర్చుకోవలసి వచ్చింది. ఊళ్ళోవాళ్ళు చెప్పినవి సగం అబద్ధాలు. పాలు, రొట్టె తప్ప తినదన్నారు. అది చారన్నం తిన్నది, ఎండు నెత్తళ్ళు తిన్నది, ఆదివారం చర్చి నుంచి వచ్చాక అక్క వండిన మాంసంలో ఎముక తన వాటా అనుకునేది. బొచ్చు ఏడాదికి రెండుసార్లు విడిచేది. ఆ రోజుల్లో మా అన్నంలో, నా కవర్ల మీద, అక్క బడి చీరల మీద తెల్ల వెంట్రుకలే. స్నానమంటే దానికి గిట్టదు. బాల్చీ చప్పుడు వింటే మంచం కిందికి దూరి, తీయబోతే మూతి ముడిచి పళ్ళు చూపించేది. ఎండాకాలం దాని బాధ చూడలేం. తాగే నీళ్ళ కుండల పక్కన తడి నేల మీద పొట్ట ఆనించి పడుకుని, నాలుక బారెడు వేలాడేసి, చొంగ కారుస్తూ రొప్పేది. పోస్టుమాను వస్తే మొరిగేది, చర్చి గంటకు మొరిగేది, వీధిలో చెరకు బండి వెళ్తే అది మలుపు తిరిగేదాకా మొరిగేది. ఇంట్లో ఒక్క మనిషినే తన మనిషిగా ఎంచుకుంటుందని కూడా అర్థమైంది. ఆ మనిషి అక్క. నన్ను సహించేది, అంతే. అక్క బడి నుంచి వచ్చే వేళకు గేటు దగ్గర కూర్చునేది. ఆమె కనిపించగానే గుండ్రంగా తిరుగుతూ ఒకటే అరుపు. అక్క సంచి కింద పెట్టి, "ఒరేయ్, నాకూ నీకూ ఇద్దరికీ ఎవరూ లేరా ఏటి, ఎందుకంత గోల?" అనేది. ఆమె నవ్వు నాకు తెలియని నవ్వుగా అనిపించేది. పిల్లల ముందు నవ్వినట్టు కాదు, నా ముందు నవ్వినట్టు కాదు.

కుక్క అక్కను కరవడానికి ముందు ఏడాది జరిగిన ఒక సంగతి చెప్పాలి. అది తెలియకపోతే నేను చేసిన పని అర్థం కాదు.

ఒక పల్లె రైతును ప్రభుత్వాసుపత్రికి తెచ్చారని తెలిసి వార్త కోసం వెళ్ళాను. పిచ్చికుక్క కాటు. కరిచి రెండు నెలలు దాటింది. చిన్న గీతే కదా అని ఇంజక్షన్లకు రాలేదు. నేను వెళ్ళేసరికి ఆయన్ను మంచానికి కట్టి ఉంచారు. ఎవరో గ్లాసుతో నీళ్ళు తెస్తే, ఆ గ్లాసు గుమ్మం దగ్గర ఉండగానే ఆయన గొంతు నరాలు బిగుసుకుని ఒళ్ళంతా విల్లులా వంగిపోయింది. అది చూశాక నేను బయటికి వచ్చి వేపచెట్టు కింద కూర్చున్నాను. ఆయన భార్య అక్కడే ఉంది. నేనడిగితే చెప్పింది.

"మా ఇంటి కుక్కే బావు. పెంచిన కుక్కే. గొంతుకలో ఎముక ఇరుక్కున్నట్టు గుర్రుగుర్రుమని సేసింది. ఈయనేమో అయ్యో అని నోట్లో సెయ్యెట్టి సూసినాడు. ఎముకేటీ నేదు. పన్ను గీసుకుంది, అంతే. మూడోనాడు కుక్క సచ్చిపోనాది."

ఆమె మాటలు నోట్‌బుక్కులో రాసుకున్నాను. సాయంత్రానికి ఆయన పోయాడు. పేపర్లో నాలుగు లైన్లు వచ్చింది. గొంతులో ఎముక సంగతి అందులో రాలేదు, స్థలం లేక తీసేశారు. నా తలలో మాత్రం అది ఉండిపోయింది.

మళ్ళీ ఆ మే నెల దగ్గరికి వస్తాను. బడికి సెలవులు. కవరు కోసం వార్తలు పోగు చేయడానికి పొద్దున్నే బయటికి వెళ్ళి పదకొండింటికి ఇంటికి వచ్చాను. అక్క పెరట్లో గోలెం దగ్గర కూర్చుని కుడి చెయ్యి సబ్బుతో కడుక్కుంటోంది. చూపుడువేలు మీద రెండు గాట్లు. నెత్తురు ఇంకా కారుతోంది.

"ఏటయింది?"

"ఏం కాలేదు. దానికి గొంతులో ఏదో అడ్డం పడినట్టుంది. మెడ ముందుకు చాపి, కళ్ళు తేలేసి, గుర్రుగుర్రుమని ఊపిరి లోపలికి లాక్కుంటోంది. ఎముకేమోనని నోట్లో వేలు పెట్టాను. కరిచింది. తప్పు నాదే."

"ఎముక ఉందా?"

"లేదు."

అక్కకు ఆ రైతు సంగతి నేను పూర్తిగా చెప్పలేదు, భయపడుతుందని. ఇప్పుడూ చెప్పలేదు. ఆసుపత్రికి పద అన్నాను. కుక్క అప్పటికి మామూలుగా ఉంది. అక్క చీర కుచ్చిళ్ళ దగ్గర తిరుగుతూ ఆమె వేలు నాకడానికి చూస్తోంది. దాన్ని కాలితో పక్కకు నెట్టాను.

ఆసుపత్రిలో డాక్టరు గారు నిదానస్తుడు. వేలు చూసి, కుక్కకు టీకా వేయించారా అని అడిగారు. లేదన్నాం. ఇంట్లో పెరిగే సీమ కుక్కకు పిచ్చి రాదని ఊళ్ళో అందరూ అనుకునేవారు, మేమూ అలాగే అనుకున్నాం. వీధి కుక్కలతో తిరుగుతుందా అని అడిగారు. తిరగదు అంది అక్క. తరవాత ఆగి, రెండు నెలల కిందట గేటు తీసి ఉంటే బయటికి వెళ్ళి చెవి చింపించుకుని వచ్చిందని తనే చెప్పింది. నాకు ఆ సంగతి తెలియదు. నేను ఊళ్ళో లేనప్పుడు జరిగిందట.

"అయితే ఇంజక్షన్లు మొదలుపెడదాం. బొడ్డు చుట్టూ, రోజుకొకటి, పద్నాలుగు. ఈలోగా కుక్కను కట్టేసి చూడండి. పది రోజులు బతికి తిరుగుతూ ఉందంటే దానికి రోగం లేనట్టే, మీకు భయం లేనట్టే. అప్పుడు ఇంజక్షన్లు ఆపేద్దాం. చచ్చిపోతే వెంటనే నాకు చెప్పండి. ఏం చేసినా కుక్కను మాత్రం చంపకండి" అన్నారు డాక్టరు గారు.

ఆ చివరి మాట నేను విన్నాను. వినలేదని చెప్పుకోవడానికి లేదు.

మొదటి ఇంజక్షన్ ఆ మధ్యాహ్నమే వేశారు. ఇంటికి వచ్చి కుక్కను జామచెట్టుకు కట్టాం. పుట్టి బుద్ధెరిగాక దాని మెడలో గొలుసు పడటం అదే మొదలు. అక్కను దాని దగ్గరికి వెళ్ళవద్దన్నాను. వెళ్ళకుండా ఆమె వంటింటి కిటికీలో నిలబడి మాట్లాడేది. "పది రోజులేరా. పదకొండో రోజు లోపలికి వచ్చేద్దువుగాని." అది గొలుసు లాగి లాగి, మొరిగి మొరిగి, మూడు గంటలకల్లా గొంతు బొంగురుపోయింది.

నేను అరుగు మీద కూర్చుని దాన్ని చూడటం మొదలుపెట్టాను. రిపోర్టరు చూసే చూపే అది. ఏం చేస్తోంది, ఎన్నిసార్లు చేస్తోంది. ఒక సొట్టల అల్యూమినియం గిన్నెలో నీళ్ళు పోసి, కర్రతో దాని ముందుకు నెట్టాను. అది వెనక్కి జంకి, చెట్టు చుట్టూ తిరిగి అవతలికి పోయింది. నీళ్ళు తాగలేదు. చొంగ కారుతోంది. గొంతు మారింది. ఐదు గంటలకు మళ్ళీ ఆ గుర్రుమనడం వచ్చింది. ఈసారి నా కళ్ళతో చూశాను. మోచేతులు విడిచి, మెడ సాచి, ఏదో మింగలేక అవస్థ పడుతున్నట్టు ఊపిరి లోపలికి ఎగపీల్చింది. నిమిషంలోపలే తగ్గింది. తగ్గాక నావైపు చూసి తోక ఆడించింది. నీళ్ళు, చొంగ, గొంతు, ఎముక. ఆసుపత్రిలో చూసినవాటితో, ఆ రైతు భార్య చెప్పినవాటితో అన్నీ సరిపోయాయి. తోక ఆడించడాన్ని నేను లెక్కలో వేసుకోలేదు.

సాయంత్రం తోట పెద్దాయన వచ్చాడు. తోటకు వెళ్ళే రోడ్డు గోతుల గురించి పేపర్లో వేయమని అడగడానికి అప్పుడప్పుడు వచ్చేవాడు. సంగతి విని కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"కట్టేసి సూడ్డమేటమ్మా? కరిసిన కుక్క బతికున్నన్నాళ్ళూ దాని యిసం మనిసికి ఎక్కుతూనే ఉంటాది. కుక్క పోతే ఎక్కడి యిసం అక్కడ ఆగిపోద్ది. మా తాతల కాడినుంచీ ఇదే."

అక్క లోపలినుంచి కాఫీ తెచ్చి ఆయన చేతికిచ్చి, "అయితే పెద్దాయన గారూ, మొన్న మీ తోటకొస్తే మీ ఆవు నన్ను కుమ్మింది గదండీ. దాన్నీ సంపేయండి. నా నడుం నొప్పి పోద్దేమో చూద్దాం" అంది.

ఆయన కూడా నవ్వాడు. "నువ్వు టీచరమ్మవి, నీతో నెగ్గలేను."

ఆయన చెప్పిందాన్ని నేనూ నమ్మలేదు. కాలేజీ చదువు చదివినవాణ్ణి, మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాసినవాణ్ణి. అయినా ఆయన్ను సాగనంపడానికి గేటు దాకా వెళ్ళి, "రేపు పొద్దున్న అక్క ఎనిమిదింటికి ఆసుపత్రికి వెళ్తుంది. అప్పుడు రండి" అన్నాను. ఆ మాట నా నోటినుంచి ఎలా వచ్చిందో చాలాకాలం ఆలోచించాను. విషం ఆగుతుందని కాదు. మంచానికి కట్టిన ఆ రైతు స్థానంలో అక్క కనిపించింది. కుక్క ఆ పెరట్లో ఉన్నంతసేపూ ఆమె దాని దగ్గరికి వెళ్తుందని, కిటికీ దాటి ఏదో ఒక గంటలో చెయ్యి చాపుతుందని నాకు తెలుసు. ఆ ఒక్కదాన్నైనా ఆపాలనుకున్నాను. ఆపడానికి ఇంకో మార్గం ఉంది, కుక్కను వేరేచోట కట్టించడం. అది నాకు ఆ పూట తట్టలేదు.

మర్నాడు తోట నుంచి వచ్చి స్నానం చేసి అరుగు మీద కూర్చున్నాను. తొమ్మిది దాటాక అక్క గొడుగు వేసుకుని, ఒక చేత్తో పొట్ట పట్టుకుని నెమ్మదిగా నడిచి వచ్చింది. గేటు తీస్తూనే పెరటివైపు చూసింది. చెట్టుకింద ఖాళీ గొలుసు కూడా లేదు. పెద్దాయన దగ్గరే ఉండిపోయింది.

"తెంచుకుపోయిందా?"

"లేదు."

ఆమె గొడుగు ముడిచింది. ముడిచిన గొడుగుకు ఉన్న బట్టతాడు జాగ్రత్తగా చుట్టి, గుండీ పెట్టింది.

"పది రోజులన్నారు గదరా" అంది.

నేను ఏదో చెప్పబోయాను. రైతు సంగతి, నీళ్ళ సంగతి.

"నీళ్ళు తాగలేదక్కా. నేను పోసి పెట్టాను. భయపడి వెనక్కి పోయింది."

"దేంట్లో పోశావు?"

"అల్యూమినియం గిన్నెలో."

"అది దాని గిన్నె కాదు గదా" అంది. లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ కుక్క గురించి అక్క నోటినుంచి నేను విన్న మాటలు చాలా తక్కువ.

మూడోరోజు ఆసుపత్రికి ఆమె వెంట వెళ్ళాను. కుక్కను చంపేశామని చెబితే డాక్టరు గారు కలం కింద పెట్టారు.

"సంపీసినారా?" అన్నాడు పక్కనున్న కాంపౌండరు.

డాక్టరు గారు నన్నే అడిగారు. "పోనీ తల ఎక్కడుంది? ఐసులో పెట్టి పెద్ద ల్యాబుకు పంపితే మెదడు పరీక్ష చేసి చెబుతారు."

నేను తలకు తగిలిన గుండు సంగతి చెప్పాను. ఈ ఎండల్లో నిన్న పొద్దున్నే పాతిపెట్టిన సంగతి చెప్పాను. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. అక్క వైపు తిరిగి, "ఇంక మనకు తెలుసుకునే దారి లేదమ్మా. పద్నాలుగూ వేసుకోవాల్సిందే" అన్నారు. అక్క తలూపింది. నాలుగోరోజు నుంచి నన్ను వెంట రావద్దంది. "నువ్వు కవరు పంపుకో" అంది.

పొట్ట మీద ఆ ఇంజక్షన్లు ఎంత బాధో ఆ రోజుల్లో వేయించుకున్నవాళ్ళకు తెలుసు. వేసినచోటల్లా గడ్డ కట్టేది. అక్క చీర బొడ్డు కిందికి దించి కట్టుకుని, వంగకుండా కూర్చుని బియ్యం ఏరుకునేది. పదో రోజు వచ్చింది. కుక్క ఉండి ఉంటే, బాగుండి ఉంటే, అది చివరి ఇంజక్షన్ అయ్యేది. ఆ రోజు ఆమె గొడుగు తీసుకుని వెళ్తుంటే నేను చూడలేక లోపలికి పోయాను. ఆ తరవాతి నాలుగు రోజులూ ఆమె వేయించుకున్నవి నేను వేయించినవే అనిపించింది. ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

పద్నాలుగూ అయ్యాయి. రెండు నెలలు నేను ఆమె నీళ్ళు తాగుతున్నప్పుడల్లా గమనించాను. గమనిస్తున్నానని ఆమెకు తెలుసు. ఒకసారి గ్లాసు ఖాళీ చేసి, బోర్లించి నాకు చూపించింది. నవ్వుతూ కాదు. అక్కకు ఏమీ కాలేదు. కాని ఆమె బతికి ఉండటం దేనికీ రుజువు కాలేదు. ఇంజక్షన్లు పనిచేసి బతికిందో, అసలు రోగమే లేక బతికిందో చెప్పగలిగినది ఆ కుక్క ఒక్కటే.

మా మధ్య తగువులు రాలేదు. ఆమె నాకు అన్నం పెట్టింది, నా బట్టలకు బొత్తాలు కుట్టింది, రెండేళ్ళ తరవాత నాకు పెళ్ళి సంబంధం చూసింది. కాని అంతకుముందు బడి నుంచి రాగానే ఆ రోజు పిల్లలు చేసిన అల్లరి నాకు చెప్పేది. ఆ మాటలు ఆగిపోయాయి. మా పెళ్ళయ్యాక నా భార్య తెలియక, "వదినా, ఒక కుక్కపిల్లని పెంచుకుందామా?" అని అడిగింది. "నాకు కుక్కలు పడవమ్మా, ఒళ్ళు దురద" అంది అక్క. నేను పక్కనే ఉన్నాను.

ఎనభైల చివర్లో ఒకరోజు యలమంచిలి వెళ్ళవలసి వచ్చింది. ఎక్కడో పట్టాల మీద మరమ్మతు జరిగి రైళ్ళు గంటలకొద్దీ ఆగిపోయాయి. వార్త కోసం స్టేషన్లో తిరుగుతుంటే వాన పట్టుకుంది. తెలిసిన రైల్వే ఉద్యోగి ఒకాయన తన క్వార్టర్సుకు తీసుకెళ్ళాడు. తలుపు తీయగానే తెల్ల పొమేరియన్ ఒకటి మొరుగుతూ ఎదురొచ్చింది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. కొత్త మనిషిని చూసిన సంబరమో కోపమో, అది గిరగిరా రెండు చుట్లు తిరిగి, ఉన్నట్టుండి ఆగి, మోచేతులు విడిచి, మెడ ముందుకు సాచి, గుర్రు గుర్రుమని ఊపిరి లోపలికి లాగడం మొదలుపెట్టింది. అదే చప్పుడు. నేను మరిచిపోలేని చప్పుడు.

ఆయన భార్య వంటింట్లోంచి తాపీగా వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుని, కింద కూర్చుని, దాని ముక్కు రంధ్రాలు రెండు వేళ్ళతో ఒక క్షణం మూసి, గొంతు కింద నిమిరింది. కుక్క ఒకసారి గుటక వేసింది. అంతే. లేచి నా బూట్లు వాసన చూడటానికి వచ్చింది.

"ఏటండీ అది?" అని అడిగాను.

"అయ్యో, భయపడ్డారా? దీనికది మామూలేనండీ. ఎగిరినా, గబగబా నీళ్ళు తాగినా వచ్చేస్తాది. దీని తల్లికీ ఉండేది, మా చెల్లి వాళ్ళ దానికీ ఉంది. ఈ జాతికి గొంతుక సున్నితం అంటారు. మొదటిసారి చూసి నేనూ చచ్చిపోతాదనే ఏడిశాను. నిమిషంలో పోద్ది."

"నీళ్ళు... కొత్త గిన్నెలో పెడితే తాగుతుందా?"

ఆమె నవ్వింది. "దాని పళ్ళెం మారిస్తే రెండు పూటలు అలుగుతాది మారాజు. మీకూ ఉందేటండీ ఈ జాతి కుక్క?"

"ఉండేది" అన్నాను.

ఆ సాయంత్రం రైళ్ళ వార్త కవరులో పెట్టి పంపాను. ఏం రాశానో గుర్తు లేదు.

నరసీపట్నం తిరిగి వచ్చాక పశువుల డాక్టరు ఒకాయనను కలిశాను. కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు. కుక్క నాదని చెప్పకుండా, ఒక సందేహం అన్నట్టు అడిగాను. ఆయన ఓపికగా విన్నారు. పొమేరియన్లకు అలాంటి దగ్గు, ఊపిరి ఎగపీల్చడం మామూలేనన్నారు. ఎండాకాలం చొంగ కారడం మామూలే, గొలుసు వేస్తే గొంతు బొంగురుపోవడం మామూలే. తరవాత ఆయన, "కాని వీధి కుక్కతో పోట్లాట అయి రెండు నెలలంటున్నారు. పిచ్చి బయటపడటానికి అది సరిపోయే వ్యవధే. గొంతు లక్షణం రెండింటికీ ఉంటుంది. అదీ కావచ్చు, ఇదీ కావచ్చు. ఆ కుక్కను ఇంకో నాలుగైదు రోజులు ఉంచి ఉంటే చెప్పేవాణ్ణి" అన్నారు.

యలమంచిలిలో చూసిన సంగతి అక్కకు చెప్పాలని ఆ వారమంతా అనుకున్నాను. ఆదివారం చర్చి నుంచి ఇద్దరం నడిచి వస్తున్నప్పుడు మొదలుపెట్టాను. "అక్కా, మొన్న యలమంచిలిలో ఒకళ్ళింట్లో..." అన్నాను. ఆమె ఆగి నా ముఖంలోకి చూసింది. ఎండకు కళ్ళు చికిలించి, నేను చెప్పబోయేది తెలిసినట్టో, తెలుసుకోవడం ఇష్టం లేనట్టో చూసింది. "వాన బాగా పడిందంట గదా అక్కడ" అంది. అవునన్నాను. ఇద్దరం ఇంటికి వచ్చాం.

ఆ సంగతి ఆమెకు ఇంతవరకూ చెప్పలేదు. ఆ జాతి కుక్కలకు ఆ గుర్రు మామూలేనని ఆమె ఆనాటికే ఎవరి దగ్గరైనా విని ఉందో లేదో నాకు తెలియదు.